హిల్ టాప్: బియాట్రిక్స్ పాటర్ సర్ది వెళ్ళిన ఇల్లు

ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ అని పిలిచే సరస్సుల సీమలో, నియర్ సోరీ అనే చిన్న పల్లెలో, హిల్ టాప్ అనే పదిహేడవ శతాబ్దపు రైతు ఇల్లు ఒకటి ఉంది. పీటర్ రాబిట్ అనే కుందేలు పిల్ల కథతో పేరొందిన పిల్లల పుస్తకాల రచయిత్రి, చిత్రకారిణి బియాట్రిక్స్ పాటర్ 1905లో దీనిని కొన్నారు. ఆమె తదనంతరం ఇది పాత కట్టడాలను, ప్రకృతి సీమలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతికి వచ్చింది, 1946 నుంచి సందర్శకులకు తెరిచి ఉంటోంది. మాంచెస్టర్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఎనిమిదేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని నేను ఈ ఇంటిని చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. కుందేలు బొమ్మల సందడి కోసం వెళ్ళేవారికి ఈ ఇల్లు మరీ చిన్నదిగా, చీకటిగా కనిపించవచ్చు. ఒక రచయిత్రి తన పుస్తకాల మీద వచ్చిన సొమ్ముతో తనకు కావలసిన బతుకును ఎలా సంపాదించుకున్నారో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం ఎంత దూరం నుంచైనా వచ్చి చూడవలసిన చోటు ఇది.

బోనెస్ అనే ఊరి దగ్గర విండర్‌మియర్ సరస్సును బల్లకట్టు మీద దాటి వెళ్ళడం అన్నిటికంటే మంచి దారి. కార్లను కూడా ఎక్కించుకుని, ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన ఇనుప తాళ్ళ ఆసరాతో నడిచే ఆ బల్లకట్టును చూస్తే కృష్ణ దాటిన రోజులు గుర్తుకు వస్తాయి. అవతలి ఒడ్డు నుంచి నియర్ సోరీ రెండు మైళ్ళ లోపే ఉంటుంది. టికెట్ మీద ఇంట్లోకి వెళ్ళవలసిన సమయం రాసి ఉంటుంది. గదులు ఇరుకు కావడం వల్ల ఒకేసారి కొద్దిమందినే లోపలికి పంపుతారు కనుక టికెట్ ముందుగానే తీసుకోవడం మేలు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి మెట్లు కొంత కష్టం. కిటికీలు చిన్నవి కావడంతో మబ్బు పట్టిన రోజున గదుల్లో వెలుతురు తక్కువగా ఉంటుంది, ఆ సీమలో మబ్బు పట్టని రోజు అరుదు. ఆ మసక వెలుతురులో నిలబడితేనే ఆమె బొమ్మల్లోని రంగులు ఎందుకంత మెత్తగా ఉంటాయో అర్థమవుతుందని నాకనిపించింది.

లోపలికి అడుగు పెట్టగానే ఇనుప పొయ్యి, దానికెదురుగా ఓక్ కర్రతో చేసిన పింగాణీ అలమర కనిపిస్తాయి. మా మనవరాలు తన సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఆ అలమర బొమ్మను దాని పక్కన పెట్టి చూపించింది. గదిలో ఉన్న కార్యకర్తలు దానికి సంతోషించి, ఇంకా ఏమేమి దొరుకుతాయో వెతకమని ప్రోత్సహించారు. పిల్లలను తీసుకువెళ్ళేవారికి నేను చెప్పే సలహా కూడా అదే. ఈ ఊరిలో, ఈ ఇంటిలో నడిచే కథల పుస్తకాలు రెండు మూడు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. టామ్ అనే పిల్లికూనను రెండు ఎలుకలు పట్టుకుని పిండి ముద్దలో చుట్టి వండాలని చూసే కథ 1908లో వచ్చింది. దానిలోని మెట్లు, గదులు, పొయ్యి గూడు అన్నీ ఈ ఇంటివే. ఆమె కొన్నప్పుడు ఇల్లంతా ఎలుకల మయంగా ఉండేది. ఆ బెడదతోనే ఆమె కథ అల్లారు. అదే ఏడాది వచ్చిన జెమీమా అనే బాతు కథ కూడా ఈ పొలంలోనిదే. గుడ్లు సరిగా పొదగదని బాతు గుడ్లను తీసి కోడి కింద పెట్టడం మన పల్లెటూళ్ళలోనూ ఉన్న పద్ధతి. హిల్ టాప్ పొలం చూసుకునే కానన్ అనే రైతు భార్య అదే పని చేసేది. తన గుడ్లను తానే పొదగాలని పట్టుబట్టి అడవికి పోయి నక్క చేతిలో పడబోయే బాతు కథ ఆ ముచ్చటలోంచి పుట్టింది. కథలో ఆ బాతును కాపాడే కుక్క పేరు కెప్. అది ఆమె సొంత కుక్క. బాతు గుడ్లు దాచిపెట్టే రూబర్బ్ అనే మొక్కల మడి ఇప్పటికీ తోటలో ఉంది.

పై అంతస్తులో ఒక బొమ్మరిల్లు ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. లోపల సున్నపు ముద్దతో చేసి రంగులు వేసిన బుల్లి తినుబండారాలు ఉన్నాయి. రెండు ఎలుకలు బొమ్మరింట్లో దూరి, పళ్ళేలలో ఉన్నది నిజమైన తిండి కాదని తెలిసి కోపంతో అన్నీ పగలగొట్టే కథ కోసం, చూసి బొమ్మలు వేసుకోవడానికి వీలుగా, ఆమె ప్రచురణకర్త నార్మన్ వార్న్ పంపించినవి అవి. ఆ కథ 1904లో వచ్చింది. మరుసటి ఏడాది జులైలో నార్మన్ ఆమెను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. వ్యాపారం చేసుకుని బతికే కుటుంబం తమకు తగదని ఆమె తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు దాదాపు 39 ఏళ్ళు, అయినా తల్లిదండ్రుల ఇంట్లోనే, వారి మాటకు లోబడి ఉండవలసిన స్థితి. ఆమె ఉంగరం తొడుక్కున్నారు. సరిగ్గా నెల రోజులకు, 1905 ఆగస్టు 25న, నార్మన్ రక్త క్యాన్సర్‌తో మరణించారు. ఆ శరదృతువులోనే ఆమె హిల్ టాప్‌ను కొన్నారు. పుస్తకాల రాయల్టీ, ఒక బంధువు వదిలి వెళ్ళిన కొద్ది సొమ్ము కలిపి 34 ఎకరాల పొలం, ఈ ఇల్లు. ఆ వరుస తెలిసినవారికి బొమ్మరింట్లోని ఆ చిన్న పళ్ళేలు వేరే విధంగా కనిపిస్తాయి. వాటిని ఆమె చివరిదాకా దాచుకున్నారు.

ఆమె బాల్యం గురించి ఇంట్లో ఎక్కువ చెప్పరు. ముందే తెలుసుకుని వెళ్తే చూసేవన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి కనుక కొంత రాస్తాను. ఆమె 1866 జులై 28న లండన్‌లోని కెన్సింగ్టన్ ప్రాంతంలో సంపన్నుల ఇంట్లో పుట్టారు. బడికి పంపలేదు, ఇంటికే ఉపాధ్యాయినులు వచ్చి చదువు చెప్పేవారు. స్నేహితులు లేని ఆ ఇంటి పై అంతస్తులో ఆమె, తమ్ముడు బెర్ట్రమ్ కలిసి కుందేళ్ళు, ఎలుకలు, గబ్బిలాలు, ముళ్ళపంది మొదలైన జీవాలను పెంచారు. చనిపోయిన వాటి ఎముకలను శుభ్రం చేసి, కూర్చి, బొమ్మలు గీశారు. ఆమె కుందేలు చొక్కా తొడుక్కున్నా కుందేలు లాగే కూర్చుంటుంది, కుందేలు లాగే పారిపోతుంది. తోలు కింద ఎముక ఎక్కడుందో తెలిసిన చేయి గీసిన బొమ్మ అది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసు నుంచి ముప్ఫై ఏళ్ళ దాకా తానే కల్పించుకున్న రహస్య లిపిలో ఆమె దినచర్య రాసుకున్నారు. లెస్లీ లిండర్ అనే ఆయన 1958లో ఆ లిపి గుట్టు విప్పే వరకు దానిని ఎవరూ చదవలేకపోయారు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. అందువల్ల ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే పట్టి నిలిపినది పుట్టగొడుగుల అధ్యాయం. ఇరవైలలో, ముప్ఫైలలో ఆమె అడవులు తిరిగి శిలీంధ్రాలను సేకరించి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, వందల కొద్దీ చిత్రాలు వేశారు. స్కాట్లండ్‌లో ఉత్తరాలు పంచే చార్ల్స్ మెకింటాష్ అనే ఆయనకు ఆ విద్యలో మంచి పరిజ్ఞానం ఉండేది. ఆయన నమూనాలు పంపేవారు, ఎలా గీస్తే శాస్త్రానికి పనికి వస్తుందో చెప్పేవారు. పుట్టగొడుగులకు విత్తనాల వంటివైన సిద్ధబీజాలు ఎలా మొలకెత్తుతాయన్న ప్రశ్న మీద ఆమె ఇంట్లోనే ప్రయోగాలు చేసి వ్యాసం రాశారు. ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త అయిన బాబాయి వరుసవారు సర్ హెన్రీ రాస్కో ఆమెను లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర ఉద్యానవనానికి తీసుకువెళ్ళినా, అక్కడి డైరెక్టరు ఆమె మాటను పట్టించుకోలేదు. ఆ వ్యాసం 1897 ఏప్రిల్ 1న లండన్‌లోని లినేయన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం ముందుకు వచ్చింది. స్త్రీలకు ఆ సభలో ప్రవేశం లేదు కనుక క్యూలో పనిచేసే జార్జ్ మాసీ దానిని సమర్పించారు. ఇంకా పని చేయవలసి ఉందని దానిని వెనక్కు తీసుకోవడం జరిగింది. ఆ ప్రతి నేడు లేదు. నూరేళ్ళ తరువాత, 1997లో, ఆ సొసైటీ ఆమె పట్ల జరిగినదానికి విచారం వ్యక్తం చేసింది. సూక్ష్మదర్శిని ముందు వంగి కూర్చుని, సిద్ధబీజం మొలకెత్తడం కోసం గంటల తరబడి కనిపెట్టుకుని ఉన్నవారికే ఆ వ్యాసం పోవడం ఎంత నష్టమో తెలుస్తుంది. నా దగ్గర చదివిన ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పకుండానే పదవీ విరమణ చేశానే అన్న బాధ నాకు ఆ రోజంతా ఉండిపోయింది.

శాస్త్రం తలుపు మూసుకున్న తరువాతనే పుస్తకాల తలుపు తెరుచుకుంది. దాని మూలం మాత్రం అంతకు ముందుది. తనకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని కొడుకు, అయిదేళ్ళ నోయెల్ మూర్ జబ్బుగా ఉన్నాడని తెలిసి, 1893 సెప్టెంబర్ 4న ఆమె వాడికి ఒక ఉత్తరం రాశారు. ఏం రాయాలో తోచడం లేదు కనుక నాలుగు కుందేలు పిల్లల కథ చెబుతానంటూ మొదలుపెట్టి, బొమ్మలు వేస్తూ కథ నడిపారు. అదే పీటర్ రాబిట్ కథ. ఏడేళ్ళ తరువాత పుస్తకం చేయాలనిపించి ఆ ఉత్తరాన్ని వాడి దగ్గర అడిగి తీసుకున్నారు, వాడు దాన్ని భద్రంగా దాచి ఉంచాడు. ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు వద్దన్నారు. కొందరికి పెద్ద పుస్తకం కావాలి. ఆమెకేమో చిన్న చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, పిల్లలు కొనగలిగే చిన్న ధర కావాలి. చివరకు తన సొంత ఖర్చుతో 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చు వేయించుకున్నారు. ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగు బొమ్మలు వేయాలన్న షరతు మీద ఒప్పుకుని 1902 అక్టోబరులో ప్రచురించింది. మొదటి ముద్రణ 8,000 ప్రతులు ముందుగానే అమ్ముడుపోయాయి. ధర ఒక షిల్లింగు. మరుసటి ఏడాది ఆమె పీటర్ రాబిట్ గుడ్డ బొమ్మను స్వయంగా కుట్టి, దానికి పేటెంటు కార్యాలయంలో హక్కు నమోదు చేయించారు. ఒక కథలోని పాత్ర ఆటబొమ్మగా, ఇంట్లో వాడే వస్తువుల మీది బొమ్మగా రచయితకు రాబడి తెచ్చే నేటి పద్ధతికి తొలి అడుగులు వేసినవారిలో ఆమె ఒకరు. అయితే అమెరికాలో కాపీహక్కు నమోదు చేయకపోవడంతో అక్కడ దొంగ ముద్రణలు వెలువడ్డాయి, వాటి మీద ఆమెకు ఏమీ రాలేదు.

ఆ పుస్తకాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంటిని చూసి వచ్చిన ప్రతివారూ ఏదో ఒకటి కొంటారు. మా మనవరాలికి మొదట ఎవరో కానుకగా ఇచ్చిన పుస్తకం కుదించిన ప్రతి. బొమ్మలు వేరేవారు తిరిగి గీశారు. పీటర్ తండ్రిని తోటమాలి భార్య వండేసిందన్న వాక్యం దానిలో లేదు. ఆ వాక్యం లేని కథలో కంచె దాటవద్దన్న తల్లి మాటకు బరువే లేదు. అసలు ప్రతి చదివాక మా పాప అడిగిన మొదటి ప్రశ్న ఆ తండ్రి గురించే. ఆమె పిల్లలను తక్కువగా చూసి రాసిన రచయిత్రి కాదు. లెట్యూస్ ఆకు ఎక్కువగా తిన్న కుందేలు పిల్లల కథను, నిద్ర పుట్టించేది అన్న అర్థం ఇచ్చే ఒక కఠినమైన లాటిన్ మూలపు మాటతో మొదలుపెట్టారు. ఆ మాట పిల్లల నోటికి ఎంతో ఇష్టంగా పడుతుంది. కాబట్టి కొనేటప్పుడు ఆమె రాసిన మాటలు, ఆమె గీసిన బొమ్మలు మార్పు లేకుండా ఉన్న చిన్న పరిమాణపు ప్రతులే కొనండి. అటువంటి చిన్న కథల పుస్తకాలు మొత్తం 23.

ఇంటిని కొన్న తరువాత ఎనిమిదేళ్ళలో ఆమె అత్యుత్తమ కథలు చాలావరకు వచ్చాయి. అప్పటికీ ఆమె తల్లిదండ్రుల దగ్గర లండన్‌లోనే ఉంటూ, వీలు చిక్కినప్పుడల్లా ఇక్కడికి వచ్చేవారు. 1909లో రోడ్డు అవతల కాసిల్ ఫార్మ్ కొన్నారు. ఆ కొనుగోలు వ్యవహారం చూసిన హాక్స్‌హెడ్ న్యాయవాది విలియం హీలిస్‌ను 1913 అక్టోబరులో, తన 47వ ఏట, వివాహం చేసుకున్నారు. ఆ తరువాత కాపురం కాసిల్ కాటేజ్‌లో. హిల్ టాప్‌ను మాత్రం తన కోసమే అట్టిపెట్టుకున్నారు. తనకు నచ్చిన పాత సామాను, పింగాణీ, తమ్ముడు వేసిన చిత్రాలు తెచ్చి ఒక్కొక్కటీ ఇక్కడ సర్దుకుంటూ పోయారు. తన తరువాత గదులను ఇలాగే ఉంచాలని కోరారు. అందువల్ల మనం చూసేది ఎవరో పండితులు ఊహించి అమర్చిన ప్రదర్శన కాదు. దాన్ని ఆమె చేసిన చివరి పుస్తకంగా నేను చదువుకున్నాను.

పెళ్ళి తరువాత కలం, కుంచె మెల్లగా పక్కకు జరిగాయి. చూపు తగ్గింది, మనసు పొలం మీదికి మళ్ళింది. ఊరివారికి ఆమె మిసెస్ హీలిస్, అలా పిలిపించుకోవడమే ఆమెకు ఇష్టం. 1923లో ట్రౌట్‌బెక్ పార్క్ అనే పెద్ద గొర్రెల క్షేత్రాన్ని కొని, టామ్ స్టోరీ అనే కాపరిని పెట్టుకుని హెర్డ్‌విక్ జాతి గొర్రెలను పెంచారు. ఆ జాతి పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగే కొద్దీ మొహం తెల్లబడి ఉన్ని బూడిద రంగుకు తిరుగుతుంది. కంచెలు లేని కొండల మీద తల్లి గొర్రె తన పిల్లకు తమ మేత హద్దును నేర్పుతుంది, ఆ పిల్ల పెరిగి తన పిల్లకు నేర్పుతుంది. మందను ఒకసారి అమ్మివేస్తే ఆ తెలివి కొండ మీద నుంచి పోయినట్లే. తెలంగాణలో కురుమలు పెంచే నల్ల దక్కనీ గొర్రెలు, వాటి ఉన్నితో నేసే గొంగళ్ళు తగ్గిపోతున్న తీరు తెలిసినవారికి ఆమె పట్టుదల వెంటనే అర్థమవుతుంది. కొండ క్షేత్రాలలో హెర్డ్‌విక్ మందలను కొనసాగించాలని ఆమె వీలునామాలో రాశారు. 1943లో హెర్డ్‌విక్ పెంపకందారుల సంఘం ఆమెను రాబోయే ఏడాదికి అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. పదవి చేపట్టకముందే, ఆ డిసెంబరు 22న ఆమె మరణించారు. 4,000 ఎకరాలకు పైగా భూమి, ఎన్నో క్షేత్రాలు, ఇళ్ళు నేషనల్ ట్రస్ట్‌కు చెందేలా రాసి వెళ్ళారు. పదహారేళ్ళ వయసులో ఈ సీమకు మొదటిసారి వచ్చినప్పుడు పరిచయమైన పాదరీ హార్డ్‌విక్ రాన్స్‌లీ ఆ ట్రస్ట్ స్థాపకులు ముగ్గురిలో ఒకరు. ఈ నేలను కాపాడాలన్న తలంపు ఆమెకు అంత పాతది. ఆమె చితాభస్మాన్ని టామ్ స్టోరీ ఆమె కోరిక ప్రకారం హిల్ టాప్ పైనున్న కొండ మీద చల్లి, ఆ చోటు గుట్టుగా ఉంచారు.

ఇక్కడే సందర్శకులకు నా ముఖ్యమైన సూచన. ఇల్లు చూడడం ముప్పావు గంటలో అయిపోతుంది. దానితో సరిపెట్టుకుని తిరుగు బల్లకట్టు ఎక్కేస్తే ఆమె జీవితంలో సగమే చూసినట్లు. రాళ్ళు పేర్చిన గోడల మధ్య కాలిబాట మీద కనీసం ఒక గంట నడవండి, గొర్రెలను చూడండి. పక్కనే ఉన్న టవర్ బ్యాంక్ ఆర్మ్స్ అనే సత్రం జెమీమా కథలోని ఒక బొమ్మలో ఉన్నది ఉన్నట్లు కనిపిస్తుంది. మేము దాని ముందు నిలబడి పుస్తకంతో పోల్చి చూశాము.

మరునాడు ఆంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ మ్యూజియానికి వెళ్ళాము. ఆమె శిలీంధ్ర చిత్రాలు అక్కడ ఉన్నాయి. ఆమే వాటిని ఆ సంస్థకు వదిలి వెళ్ళారు. రంగు, జిగురు, అంచున పురుగు కొరికిన గుర్తుతో సహా ఒక్కొక్క పుట్టగొడుగు కాగితం మీద ఉంది. కొన్నిటిని నిలువునా కోసి, గొడుగు కింది పొరలు కాడకు ఎక్కడ అతుక్కున్నాయో చూపించారు. జాతిని గుర్తించడానికి మేము ప్రయోగశాలలో మొదట చూసేది అదే. 1967లో వచ్చిన ఒక శిలీంధ్ర శాస్త్ర గ్రంథంలో ఆమె చిత్రాలను వాడుకున్నారంటే ఆ కొలతలు ఎంత నిక్కచ్చివో గ్రహించవచ్చు. హిల్ టాప్, ఆర్మిట్ రెండింటినీ ఒకే రోజులో పెట్టుకోకండి. పిల్లలు అలసిపోతారు, మీరు ఆ చిత్రాల ముందు కూర్చోవలసినంతసేపు కూర్చోలేరు.